పెరటి రాకెట్లు, కుర్రకారు అల్లరి

సభకు నమస్కారం.

దొరికిన గొట్టంలో దొరికిన మందు కూరి, అది ఎంత ఎత్తుకు పోతుందో చూడాలన్న తహతహ కుర్రతనంలో చాలామందికి ఉంటుంది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలో పెట్టిన తర్వాత అమెరికాలో ఆ తహతహ ఊరూరా రాజుకుంది. ఇంట్లో కలిపిన ఇంధనాన్ని లోహపు గొట్టాల్లో నింపి వెలిగించినవారిలో వేళ్లూ కళ్లూ పోగొట్టుకున్నవారున్నారు. గొట్టం పేలితే దాని ప్రతి ముక్కా తూటాయే. ఇటువంటప్పుడు పెద్దలకు వెంటనే తోచే ఉపాయం నిషేధం. నా దృష్టిలో అంతకంటే తెలివైన పని చేసినవారు ముగ్గురు.

నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్‌ఫోక్‌లో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్‌కు బాణసంచా అంటే సరదా. ఆయన 1954లో, సోదరుడు రాబర్ట్ కోసం, పారాచూట్‌తో దిగివచ్చే కాగితపు రాకెట్టును తయారుచేశారు. వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ 1957 తొలినాళ్లలో కుర్రాళ్ల ప్రమాదకర ప్రయోగాల గురించి రాసిన వ్యాసం చదివి, కార్లైల్ తన నమూనాలను స్టైన్‌కు పంపారు. ఆ తర్వాత వెర్న్ ఎస్టెస్ అనే ఆయన, రాకెట్టును పైకి తోసే మందు గొట్టాలను, అంటే మోటార్లను, వరుసగా తయారుచేసే యంత్రాన్ని నిర్మించారు. వీరు అల్లరిని అణచలేదు, రెండుగా విడదీశారు: మందు కలిపే పనిని కర్మాగారానికి అప్పగించి, మిగిలినదంతా పిల్లలకే వదిలేశారు.

ఆ మోటారు అట్ట గొట్టం, మంట వెలువడే సన్నని మట్టి మూతి (నాజిల్), గట్టిగా దట్టించిన తుపాకిమందు. దానిపై ‘బీ6-4’ అని ఉంటే, బీ అక్షరం మొత్తం ప్రచోదనం (తోపును అది సాగిన సమయంతో గుణిస్తే వచ్చేది) 2.5 నుంచి 5 న్యూటన్-సెకన్ల మధ్య ఉందని, 6 సగటు తోపు న్యూటన్లలో ఎంతో, 4 మందు కాలిపోయాక పారాచూట్ బయటపడేలోగా ఎన్ని సెకన్లు గడవాలో చెబుతాయి. అక్షరం ఒకటి పెరిగితే గరిష్ఠ ప్రచోదనం రెట్టింపవుతుంది.

మరి పిల్లలకు మిగిలిందేమిటని అడగవచ్చు. రాకెట్టు నిటారుగా పోవాలంటే గురుత్వ కేంద్రం పీడన కేంద్రానికి (గాలి ఒత్తిడి మొత్తం పనిచేసే బిందువుకు) ముందుండాలి, కనీసం గొట్టం వ్యాసమంత దూరంలో. దీన్ని పరీక్షించడానికి మోటారు బిగించిన రాకెట్టుకు గురుత్వ కేంద్రం దగ్గర దారం కట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పుతారు. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే, తోక ముందుకు వస్తే ముక్కులో కాస్త బంకమట్టి పెట్టాలి, లేదా రెక్కలు పెంచాలి. నిన్న చక్కగా ఎగిరిన రాకెట్టే, ఆశకొద్దీ బరువైన మోటారు పెడితే, బరువు తోకవైపు జరిగి గాలిలో పల్టీలు కొడుతుంది. అల్లరి మనసుకు ఇంతకంటే మంచి పాఠ్యాంశం నాకు తెలియదు.

నియమాలు కొద్దే: లోహపు గొట్టం వాడకూడదు, కనీసం అయిదు మీటర్ల దూరం నుంచి విద్యుత్తుతోనే వెలిగించాలి. మీట నొక్కినా అంటుకోకపోతే బ్యాటరీ తీగ విప్పేసి, ఒక నిమిషం ఆగాకే దగ్గరకు వెళ్లాలి. పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది ఆ నిమిషమే.

ఎగిరిన ఎత్తు కొలవడానికి కోణమానిని చాలు. వంద మీటర్ల దూరంలో నిలబడినవారికి శిఖరం 45 డిగ్రీల కోణంలో కనిపిస్తే ఎత్తు వంద మీటర్లు, 60 డిగ్రీలైతే దాదాపు 173. అయితే గాలి రాకెట్టును పక్కకు తోస్తే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి ఇద్దరు చెరోవైపు నిలబడి కొలవాలి. ఆ ఇద్దరి లెక్కలూ కలవనప్పుడు తప్పు ఎవరిదన్న వాదన, తర్వాతి రాకెట్టు ఎగిరేదాకా సాగుతుంది.