బీటిల్ ఇంజిన్ సీల్ కిట్టు: బెజవాడ ఎండలో నడిపి చూశాక

నమస్కారం అండి. ముందుగా ఒక మాట చెప్పాలి. ఇంజిన్ చుట్టూ ఉండే సందుల్ని మూసే ఈ రబ్బరు సీళ్ల కిట్టును విడిభాగాల దుకాణం వారొకరు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, ఫలానా విధంగా చెప్పమని అడగలేదు. ధర, కొలతల జోలికి పోను. దీన్ని బిగించిన బండి 1965 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 1200 సీసీ, 34 హార్స్‌పవర్. మచిలీపట్నంలో ఒక పాత ఇంటి షెడ్డులో ఏళ్ల తరబడి దుమ్ము కొట్టుకుపోయి ఉంటే కొన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో బాగు చేయిస్తున్నాను.

బండిని చూసిన ప్రతివారూ అడిగేది ఒకటే: రోహిణి కార్తెలో, బెజవాడ ట్రాఫిక్‌లో, నీళ్ల రేడియేటర్ లేకుండా గాలితోనే చల్లబడే ఇంజిన్ ఎలా తట్టుకుంటుంది? తట్టుకుంటుందండి, నిక్షేపంగా తట్టుకుంటుంది. కంపెనీ అమర్చిన రేకులూ రబ్బర్లూ ఒక్కటి కూడా తక్కువ కాకుండా ఉండాలి, అంతే.

ఈ బండికి ఇంజిన్ వెనుక ఉంటుంది. ఇదిగో, వెనుక అద్దం కింద సన్నటి చీలికలు చూడండి. చల్లగాలి వచ్చే దారి ఇదే. డైనమో (బ్యాటరీకి కరెంటు ఇచ్చేది) ఇరుసుకు బిగించిన ఫ్యాను ఆ గాలిని లాగి, రేకు గూడులోంచి నాలుగు సిలిండర్ల మీదికి నెడుతుంది. వేడెక్కిన గాలి బండి కిందికి వెళ్లిపోతుంది. ఇంజిన్ చుట్టూ ఉన్న ఈ రేకు, కింది వేడి పైకి రాకుండా ఆపే గోడ. రేకు అంచుకూ బాడీకీ మధ్య సందును మూసేది ఈ రబ్బరు. అది ఎండి రాలిపోయిందంటే కింది సెగ పైకెక్కుతుంది, ఫ్యాను మళ్లీ ఆ సెగనే పీల్చి సిలిండర్ల మీద పోస్తుంది. జ్వరంతో ఉన్నవాడికి రగ్గు కప్పినట్లే.

ఇంత ముఖ్యమైన రేకుల్ని పీకి పారేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంజిన్ తళతళా కనిపించాలని కొందరు, బిగించడానికి బద్ధకించి మరికొందరు. ఆ తరువాత వేడెక్కుతోందంటే, వెనుక మూత కాస్త ఎత్తి పెట్టుకోండని సలహా. మూత ఎత్తితే కింది సందు మూసుకుంటుందా?

మా నాన్నగారి బజాజ్ చేతక్‌కూ ఇదే గతి పట్టింది. ఆ స్కూటర్‌లోనూ సూత్రం ఇదే: ఫ్లైవీల్ మీది రెక్కలు గాలి కొడతాయి, సిలిండర్ మీది కవరు ఆ గాలిని అటూ ఇటూ పోనివ్వకుండా నడిపిస్తుంది. ఒక మెకానిక్ ఆ కవరు తీసేసి, "ఇప్పుడు గాలి బాగా తగులుతుందండీ" అన్నాడు. గుంటూరు వెళ్తుంటే మంగళగిరి దాటాక ఇంజిన్ పట్టేసింది. నాన్నగారు ఆ ఎండలో స్కూటర్‌ను తోసుకుంటూ వెళ్లడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

సరే, కిట్టు సంగతి. పొడవాటి సీలు అద్భుతంగా ఉంది. దీనికి రెండు పెదవులు ఉంటాయి, వాటి మధ్య రేకు అంచు దూరాలి. వేలితో లాగి చూపిస్తున్నాను, చూడండి, జారడం లేదు. మూలల దగ్గర మడత కూడా పడలేదు. నాకు నచ్చనివి స్పార్క్ ప్లగ్ తీగలు రేకులోంచి దూరే చోట రంధ్రాల్ని మూసే రబ్బరు బిళ్లలు. రాయిలా ఉన్నాయి. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది. అది చిన్న విషయం కాదు: సిలిండర్ హెడ్డు మీదికి పోవలసిన గాలి ఆ సందులోంచే బయటికి తన్నుకొస్తుంది. ఈ ఇంజిన్లో మూడో సిలిండర్ కష్టం ముందే ఉంది. గూడు లోపల ఆయిల్ కూలరు దానికి అడ్డుగా నిలబడి, వచ్చే గాలిని ముందే వేడెక్కిస్తుంది. అందుకే ఆ బిళ్లలు పక్కన పెట్టి, పాతవే కడిగించి వేయించాను.

బిగించాక నిండు మధ్యాహ్నం బెంజి సర్కిల్ రద్దీలో నిలబెట్టి, ప్రకాశం బ్యారేజీ మీదుగా మంగళగిరి వరకు నడిపాను. ఇంతకుముందు ఇలా తిరిగొచ్చాక డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీస్తే దాని చివరను వేళ్లతో తాకలేకపోయేవాడిని. ఇప్పుడు పట్టుకుని నిలబడగలుగుతున్నాను. ఈ ఇంజిన్లో ఉండేది రెండున్నర లీటర్ల ఆయిలే, ఫిల్టరు కూడా లేదు, జల్లెడ మాత్రమే. ఆ కాస్త ఆయిలే వేడినీ మోయాలి కాబట్టి ఈ తేడా నాకు చాలా పెద్దది.

ఇంకొకటి గుర్తుంచుకోండి. డైనమోనూ ఫ్యానునూ తిప్పేది ఒకే బెల్టు. మీటర్లో ఎర్రదీపం వెలిగితే బ్యాటరీ సంగతే కదా, ఇంటికెళ్లాక చూద్దామని నడపవద్దు. బెల్టు తెగి ఉండవచ్చు, అంటే ఫ్యాను కూడా ఆగినట్లే. అక్కడికక్కడే ఆపండి. డిక్కీలో ఎప్పుడూ ఒక బెల్టు ఉంచుకోండి.

రిజిస్ట్రేషన్ గురించి చాలామంది అడిగారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపు మారని బండ్లను వింటేజ్ కింద నమోదు చేయించవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కానీ రోజూ నడపకూడదు. నేను కొన్నది నడపడానికే, అందుకే పాత నంబరునే రెన్యువల్ చేయించుకుంటున్నాను.

నా తీర్పు: పొడవాటి సీలు కోసం ఈ కిట్టు కళ్లు మూసుకుని కొనండి, ప్లగ్ బిళ్లలు మాత్రం వేరేచోట చూసుకోండి. ఇంజిన్‌ను పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే కాబట్టి దించడం పెద్ద పని కాదు. దించినప్పుడే వెనుక సీటు వైపు ఉండే సీలు ముక్కను కూడా మార్పించండి. ఇంజిన్ ఎక్కించాక అక్కడికి చెయ్యి పోదు.