పాత మిద్దెలో నీళ్లెక్కడ పెడతారు?

అందరికీ నమస్కారం. తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత మిద్దెలున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నట్టున్నారు. అందరూ అడిగేది దాదాపు ఒకటే: అటాచ్డ్ బాత్రూంలు కావాలి, అమ్మానాన్నలకు కింద గది కావాలి, ఇల్లు మాత్రం చెడకూడదు. నేను ఎదురు అడిగేదీ ఒకటే. నీళ్లెక్కడ పెడతారు?

మిద్దె కప్పు ఎలా ఉంటుందో చూడండి. టేకు దూలాలు, వాటి మీద దంతెలు (అడ్డంగా పరిచే సన్న చెక్కలు), ఆపైన సున్నంతో ఐమూలగా నిలబెట్టిన ఇటుకలు, వాటి మీద ఇటుక ముక్కలు కలిపి కొట్టిన సున్నపు పొర. దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. ఎండకు ఏమీ కాదు. నిలిచిపోయే తడే దానికి పడదు. దూలం ముందు పుచ్చేది నడుమ కాదు, గోడలోకి దూరిన కొసల్లో. ఇంటీరియర్ డిజైనర్ కన్నా ముందు వడ్రంగిని పిలిచి, ఆ కొసలను గుచ్చి చూడమనండి.

ఇక ట్యాంకు. వెయ్యి లీటర్లది నిండితే నీళ్లే ఒక టన్ను. దాన్ని సరిగ్గా పడసాల నెత్తిన పెడతాం! పెరడుంటే అక్కడ, పాత గోడల మీద బరువు పడకుండా, సొంత పునాదితో చిన్న కట్టడం లేపండి. కింద పెద్దవాళ్ల బాత్రూం, పైన పిల్లలది, ఆపైన ట్యాంకు. పైపులన్నీ అక్కడే. రేపు మీ పిల్లలు వద్దనుకుంటే తీసేసుకోవచ్చు, మిద్దెకు ఏమీ కాదు. పెరడు లేకపోతే కింది గది ఒకటి బాత్రూంకు వదులుకోండి. మేడ మీద చెక్క దూలాలపై బాత్రూం మాత్రం వద్దు. బంధువులింట్లో ఉంది కదా అంటారు. వాళ్ల కింది గదిలో ఒకసారి తలెత్తి చూసి రండి.

గోడల చెమ్మకు సిమెంటు పూయించకండి. సున్నపు గోడ తాగిన తడిని గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి ఇంకా పైకెక్కుతుంది, పెచ్చులూడతాయి. "ఇప్పుడు సున్నం ఎవరు వాడతారు సార్" అని మేస్త్రీ నవ్వుతాడు. చంద్రగిరి రాజమహల్ నిలబడింది ఆ సున్నం మీదేనని చెప్పండి. కాకపోతే సున్నం నిదానంగా గట్టిపడుతుంది. 2021 నవంబరు వానలు మరిచిపోలేదుగా, కప్పు పని వేసవిలోనే మొదలుపెట్టండి.

ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉండే తొట్టి మీద స్లాబు వేస్తే పట్టపగలు లైటు వేసుకోవాలి. జరిపే షీటు చాలు. వైర్లు గోడ తవ్వకుండా పైనే పైపుల్లో లాగించండి.

ఇంగ్లండులో వారసత్వ కట్టడాల జాబితాకెక్కిన ఇంటి స్వరూపం దెబ్బతినే మార్పు అనుమతి లేకుండా చేస్తే, అది లోపలి మెట్లే అయినా, నేరం. మన వీధుల్లో మామూలు పాత ఇళ్లను అలా అడిగేవాళ్లు లేరు. చంద్రగిరి కోట పక్కన ఇల్లున్నవాళ్లకు మాత్రం ఒక మాట. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టడం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు, అంటే 300 మీటర్ల దాకా, అనుమతి కావాలి. అంటే నేను చెప్పిన పెరటి కట్టడం ఆ 100 మీటర్లలో కుదరదు. మరమ్మతుకైనా అనుమతి చేతికొచ్చాకే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వండి.