మా అమ్మాయి డ్రామా కాలేజీ ఆడిషన్‌లో కుక్కర్ విజిల్ | ఎడిసన్ వ్లాగ్

హాయ్ అండీ అందరికీ, మా అత్తయ్య గారు వారం నుంచి ఫోన్‌లో ఒకటే అడుగుతున్నారు, పిల్లకి ఇంజనీరింగ్ సీటు ఎక్కడొచ్చిందే అని, ఇంజనీరింగ్ కాదత్తయ్యా యాక్టింగ్ అని చెప్తే లైన్ కట్ అయిందేమో అనుకున్నా, అంతసేపు మాట్లాడలేదు. అందుకే ఈ వీడియో.

ఇక్కడ అమెరికాలో యాక్టింగ్ సీటుకి మన ఎంసెట్‌లాగా ర్యాంకు ఉండదండీ. చాలా కాలేజీలు ముందు ప్రీస్క్రీన్ అని వీడియో అడుగుతాయి. రెండు మోనోలాగ్‌లు, అంటే ఒక్కళ్ళే నిలబడి చెప్పే డైలాగులు, ఒక్కోటి నిమిషమో నిమిషంన్నరో, ఎడిటింగ్ చేయకూడదు, వెనకాల గోడ ప్లెయిన్‌గా ఉండాలి. అది నచ్చితేనే అసలు ఆడిషన్‌కి పిలుస్తారు. నాకు యూట్యూబ్ అనుభవం ఉంది కదా అని రింగ్ లైట్ పెట్టి, మంచి దుప్పటి కట్టి హడావిడి చేశాను. "అమ్మా, ఇది నీ వ్లాగ్ కాదు" అంది. పదకొండో టేక్ బ్రహ్మాండంగా వస్తోంది, ఏడుపు సీను, నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సరిగ్గా అప్పుడే కిచెన్‌లో కుక్కర్ విజిల్. పప్పు నేనే పెట్టాను. ఆ రోజు నాతో మాట్లాడలేదు.

సరే, ఇప్పుడు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి న్యూయార్క్ యూనివర్సిటీ, అదే ఎన్‌వైయూ, వాళ్ళ ఆర్ట్స్ స్కూల్ టిష్, ఇంకోటి ఇక్కడ న్యూజెర్సీలోనే మా ఎడిసన్ పక్కన న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళ ఆర్ట్స్ స్కూల్ మేసన్ గ్రాస్. మే 1 లోపు ఒకదానికి డిపాజిట్ కట్టాలి. రెండూ బీఎఫ్ఏనే, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, యాక్టింగ్, వాయిస్, మూవ్‌మెంట్ ట్రైనింగే ముఖ్యం, మిగతా చదువు దాని పక్కన. మా వారేమో బీఏ థియేటర్ తీసుకుని పక్కన కంప్యూటర్ సైన్స్ కూడా చేసుకోవచ్చు కదా అని రోజూ భోజనాల దగ్గర మొదలెడతారు, అమ్మాయి అన్నం వదిలేసి లేచి వెళ్ళిపోతుంది.

డబ్బుల సంగతి అడుగుతారు కదా, చెప్తాను. ఎన్‌వైయూ హాస్టల్, తిండితో కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతుంది, డాలర్ 85 రూపాయలు వేసుకున్నా 76 లక్షలు, నాలుగేళ్ళకి మూడు కోట్లు! మూడు కోట్లకి మా తెనాలిలో... వద్దులెండి. రట్గర్స్ మాకు ఇన్‌స్టేట్, అంటే మా రాష్ట్రం యూనివర్సిటీయే కాబట్టి ఫీజు తక్కువ, ఇంటి నుంచి వెళ్తే ఫీజు 20 వేలకి అటూ ఇటూ, 17 లక్షలు. పైగా అక్కడ థర్డ్ ఇయర్ లండన్‌లో షేక్‌స్పియర్ గ్లోబ్ అనే థియేటర్ దగ్గర చదివిస్తారట. నేను అది పట్టుకుని వదలట్లేదు.

మొన్న క్యాంపస్ చూద్దామని బయల్దేరి, దారిలో మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్‌లో కరివేపాకు కోసం ఆగి, అక్కడ తెలిసినావిడ కనపడి, "డ్రామానా, పెళ్ళెలా అవుతుందండీ" అని మొదలుపెట్టి, ఇరవై నిమిషాలు లేటుగా వెళ్ళాం. పార్కింగ్ వెతుక్కోవడం వేరే. కరివేపాకు కూడా మర్చిపోయాను.

నిన్న అత్తయ్యే మళ్ళీ ఫోన్ చేశారు. చిన్నప్పుడు సురభి వాళ్ళు ఊళ్ళో డేరా వేస్తే వాళ్ళ నాన్న గారి పక్కన కూర్చుని రోజూ నాటకం చూసేవారట, స్టేజీ ఎక్కాలని ఉందంటే చెంప పగిలిందట. పెళ్ళయి ఇరవై ఏళ్ళు, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. తర్వాత ఫోన్ దానికివ్వమని, ఆ ఏడుపు సీను వీడియో కాల్‌లో మొత్తం చెప్పించుకున్నారు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆఖర్న "ఏ కాలేజీ అయినా సరే, ఇంటికి దగ్గర్లో ఉండేది చూడు తల్లీ" అన్నారు.

మా అమ్మాయి మాత్రం ఏ కాలేజీయో ఇంకా ఏమీ చెప్పట్లేదు. ఇంకా పది రోజులుంది. రింగ్ లైట్ కూడా దాని గదిలోనే ఉంది, అందుకే ఇవాళ వీడియో ఇంత చీకటిగా ఉంది, ఏమీ అనుకోకండి.