ఫోన్-ఇన్: బెర్లిన్‌లో జర్మన్ కోర్సు, క్లాస్‌మేట్స్‌తో షికార్లు

వ్యాఖ్యాత: నమస్కారం. విదేశాల్లో భాషా కోర్సులు చేస్తున్న పిల్లలకోసం ఈ కార్యక్రమం. జర్మన్ టీచర్‌గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ బెర్లిన్ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్. మాది నిజామాబాద్. ఇక్కడ బీ1, అంటే మధ్యస్థాయి జర్మన్ కోర్సు చేస్తున్న. క్లాసుల సిరియా, బ్రెజిల్, ఉక్రెయిన్, వియత్నాం వాళ్ళున్నరు. వారం వారం అందరం కలిసి బయటికి పోతం. జర్మన్‌లనే మాట్లాడాలె అనుకుంటం గానీ, పది నిమిషాలకే ఇంగ్లిష్ మొదలైతది. ఏం చెయ్యాలె?

టీచర్: కబుర్ల దగ్గరే అలా అవుతుంది బాబూ. కబుర్లకు మాటలు చాలవు, ఎవరో ఒకరు ఇంగ్లిష్ అందుకుంటారు. చేతిలో పనుంటే జర్మన్ నిలబడుతుంది. ఆ షికారును ప్లాన్ చేసుకోవడమే మొదటి పని. గోథే సంస్థ పెట్టే బీ1 మౌఖిక పరీక్షలో మొదటి భాగం అచ్చం ఇదే, ఇద్దరు కలిసి ఒక కార్యక్రమం ఖాయం చేసుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా వెళ్ళాలి, ఎవరేం తేవాలి. మౌఖికానికి 100కి 60 వస్తేనే పాస్. అవతలివాళ్ళు చెప్పిన ప్రతిదానికీ 'యా, గూట్', అంటే 'సరే, బాగుంది' అని తలూపితే మార్కులు రాలవు.

శ్రోత: మరి ఎట్ల మాట్లాడాలె?

టీచర్: గ్రూపులో టైపింగ్ వద్దు, వాయిస్ మెసేజ్‌లు పెట్టండి. ఒక్కొక్కరు ఒక సూచన, ఒక అభ్యంతరం, దానికి బదులు ఇంకో దారి చెప్పాలి. అభ్యంతరం చెప్పేటప్పుడు 'వైల్', అంటే 'ఎందుకంటే' అనే మాట వస్తుంది, దాని తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుంది. 'వైల్ ఇష్ కైనె త్సైట్ హాబె', అంటే 'ఎందుకంటే నాకు టైం లేదు'. చివరున్న 'హాబె' క్రియ. ఇంగ్లిష్ మీదుగా వెళ్ళేవాళ్ళు 'హాబె'ని ముందుకు లాగేస్తారు. మన వాక్యంలో క్రియ ఎలాగూ చివరే కదా, తెలుగులో అనుకుని చెప్పు, సరిగ్గా వస్తుంది. క్లాసులో ఈ సౌకర్యం అందరికీ ఉండదు మరి!

శ్రోత: ఎక్కడికి పోతే మంచిది?

టీచర్: మైబాఖ్‌ఊఫర్ సంతకు వెళ్ళండి. నొయ్‌క్యోల్న్ పేటలో కాలువ ఒడ్డున మంగళ, శుక్రవారాల్లో జరుగుతుంది, టర్కీవాళ్ళ అంగళ్ళు ఎక్కువ. శుక్రవారం క్లాసయ్యాక పోవచ్చు. తలా ఒక సరుకు పంచుకోండి. ఒకరు కొంటుంటే మిగతావాళ్ళు అందించకూడదు, అది గట్టి షరతు. 'ఇష్ హ్యెటె గెర్న్ ఐన్ ఫుంట్ టొమాటెన్', అంటే 'నాకు ఒక ఫుంట్ టమాటాలు కావాలి' అని అడగాలి. అక్కడ ఫుంట్ అంటే సరిగ్గా అర కిలో. ధర చెప్పినప్పుడు అంకెలు తారుమారవుతాయి. వాళ్ళు ఒకట్ల స్థానం ముందు చెబుతారు, 37ని 'ఏడు-ముప్పై' అన్నట్టు. తొందరపడి వింటే 73 అనిపిస్తుంది. అర్థం కాక నిలబడితే అమ్మే మనిషి ఇంగ్లిష్‌లోకి దిగుతాడు, కాబట్టి ముందే 'ఇష్ లెర్నె డొయిచ్, బిట్టె లాంగ్‌జామ్', అంటే 'జర్మన్ నేర్చుకుంటున్నా, కాస్త నెమ్మదిగా చెప్పండి' అనేయ్. సాయంత్రం ఆరు దగ్గరపడితే పండ్లు పెట్టెలకు పెట్టెలు చవగ్గా కేకలేసి అమ్ముతారు. బాగా మగ్గినవి, ఆ రాత్రికే తినేయాలి.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత: మా అమ్మాయి అక్కడ చదువుతోందండీ. టికెట్టు కొనే రైలెక్కింది, అయినా 60 యూరోలు ఫైన్ వేశారట. అన్యాయం కదండీ?

టీచర్: టికెట్టు కొంది సరే, ముద్ర వేయించుకుని ఉండదమ్మా. మిషన్‌లో తీసిన కాగితం టికెట్టును రైలెక్కకముందే ప్లాట్‌ఫారం మీదున్న చిన్న పెట్టెలో దూర్చాలి, అది తేదీ, సమయం కొడుతుంది. ముద్ర లేకపోతే టికెట్టు లేనట్టే లెక్క. గేట్లు ఉండవు, తనిఖీవాళ్ళు మామూలు బట్టల్లో వస్తారు. ఇప్పుడు వాదించి లాభం లేదు, గడువులోగా కట్టేయమనండి. ఇంకోటి, ఊళ్ళో టికెట్టు ఏ, బీ జోన్లకే. విమానాశ్రయం, పోట్స్‌డామ్ రెండూ సీ జోన్. స్నేహితులతో పోట్స్‌డామ్ కోటలు చూడ్డానికి పోయి చాలామంది అక్కడే దొరికిపోతారు. రోజూ తిరిగే పిల్ల అయితే డొయిచ్‌లాండ్ టికెట్ అనే నెల పాస్ నయం. 2023 మేలో 49 యూరోలకు మొదలైంది, 2026 జనవరి నుంచి 63. సిటీ బస్సులు, మెట్రో, ప్రాంతీయ రైళ్ళు అన్నీ ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి దూరపు రైళ్ళు మాత్రం కుదరవు. అది దానంతటదే నెలనెలా సాగుతుంది. ఆపాలంటే 10వ తేదీలోపే చెప్పాలి, లేదంటే మరో నెల డబ్బు పోతుంది.

వ్యాఖ్యాత: విశాఖ నుంచి ఇంకొకరు.

శ్రోత: వచ్చే నెల వెళ్తున్నాను మేడమ్. పిక్నిక్‌కి తలా ఒక వంటకం తేవాలంటారట. ఏం తీసుకెళ్ళను?

టీచర్: పులిహోర. మాంసం, గుడ్డు, పాలు ఏవీ లేవు కాబట్టి ఎవరికీ అడ్డు ఉండదు, ఫ్రిజ్ లేకపోయినా పూట నిలుస్తుంది. ఏడెనిమిది మంది పంచుకోవడానికి అర కిలో బియ్యం చాలు. పల్లీలు మాత్రం అందులో కలపకమ్మా, వేరే డబ్బాలో పట్టుకెళ్ళు. పల్లీలు పడనివాళ్ళకు ప్రాణం మీదికొస్తుంది. జెల్లీ మిఠాయిలు కొనేటప్పుడు జెలటిన్ దేనితో చేశారో చూడు, తరచూ పందిదే ఉంటుంది. అరబ్ స్నేహితులకు ఇచ్చేముందు తెలియాలి కదా. ఆదివారం పిక్నిక్ అయితే సరుకులు శనివారమే కొనుక్కోవాలి. పెద్ద స్టేషన్లలో కొట్లు తప్ప దాదాపు అన్నీ మూసేస్తారు.

శ్రోత: ఎక్కడ కూర్చోవచ్చు?

టీచర్: టెంపెల్‌హోఫర్ ఫెల్డ్. 2008లో మూసేసిన విమానాశ్రయం, 2010 నుంచి పార్కు. రన్‌వే మీద సైకిళ్ళు తొక్కుతుంటారు. బొగ్గు రాజేసి కాల్చుకోవడం గుర్తు పెట్టిన చోట్లే చేయాలి. చీకటి పడితే గేట్లు మూస్తారు.

శ్రోత: ఖాళీ సీసాలు పారేయకూడదంటారు?

టీచర్: ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసాకు, డబ్బాకు 25 సెంట్లు డిపాజిట్ ముందే కట్టి ఉంటావు, ఖాళీవి సూపర్‌మార్కెట్‌లో సీసాలు తీసుకునే మిషన్‌లో వేస్తే అది తిరిగొస్తుంది. నలపకు, లేబుల్ చించకు. బార్‌కోడ్ చదవలేకపోతే మిషన్ వెనక్కి తోసేస్తుంది. చివర బటన్ నొక్కితే చీటీ వస్తుంది, అది కౌంటర్‌లో ఇస్తే డబ్బు. హోటల్‌కి వెళ్తే 'త్సుజామ్మెన్ ఓడర్ గెట్రెంట్', అంటే బిల్లు కలిపా, విడివిడిగానా అని అడుగుతారు, గెట్రెంట్ అను, ఎవరిది వాళ్ళు కడతారు. బిల్లు 12.60 వస్తే టిప్పు కలిపి 'ఫీర్‌త్సేన్' అని పద్నాలుగు చెప్పు. 'డంకె', అంటే థాంక్స్, అంటూ పదిహేను చేతికిస్తే చిల్లర ఉంచుకోమన్నట్టు అనుకుంటారు. కార్డు తీసుకోని చిన్న హోటళ్ళు ఇంకా ఉన్నాయి, పర్సులో ఓ ఇరవై యూరోలు నోట్లుగా పెట్టుకో.