స్ఫింక్స్ కాళ్ల మధ్య ఒక రాత్రి

అందరికీ నమస్కారం. తెర మీద బొమ్మ కనిపిస్తోందా? వెనక కూర్చున్నవాళ్లకు అంతా చీకటిగా ఉంటే ప్రొజెక్టర్‌ని తిట్టకండి, బొమ్మే అంత. ఎడారి రాత్రి అది.

ఫ్రెంచ్ చిత్రకారుడు లూక్ ఒలివియే మెర్సన్ 1879లో వేసిన తైలవర్ణ చిత్రమిది. పసివాడైన యేసుతో మరియ, యోసేపులు ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, పారిపోతూ దారిలో విశ్రాంతి తీసుకోవడం దీని విషయం. ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. వెడల్పు 4 అడుగుల పైచిలుకు, అంతే.

కథ మీలో చాలామందికి తెలిసిందే. హేరోదు రాజు బిడ్డను చంపించాలని చూస్తున్నాడని కలలో విని, యోసేపు రాత్రికి రాత్రే తల్లీబిడ్డల్ని తీసుకుని బయల్దేరాడు. మత్తయి సువార్త ఆ ప్రయాణాన్ని రెండు ముక్కల్లో తేల్చేసింది. ఎక్కడ ఆగారో, ఏం తిన్నారో ఊసే లేదు. ఆ ఖాళీని యూరప్ చిత్రకారులు వందల ఏళ్లు నింపుతూ వచ్చారు. చెట్టు నీడ, సెలయేరు, చుట్టూ దేవదూతలు. ఏమనుకోకండి గానీ, కొన్ని చూస్తే పిక్నిక్‌కి వచ్చినట్టే ఉంటారు.

మెర్సన్ చెట్టునే తీసేశాడు. ఇసుక, ఆకాశం, ఒక రాతి స్ఫింక్స్, అదే సింహం ఒంటికి మనిషి తల ఉండే పాత ఈజిప్టు విగ్రహం. దాని ముందుకాళ్ల మధ్య మరియ బిడ్డతో పాటు వెనక్కి వాలి నిద్రపోయింది. వెలుగు చంద్రుడిది కాదు, ఆ బిడ్డ దగ్గర నుంచే వస్తోంది. పాత దేవతలు కొత్త దేవుడికి చోటిచ్చారని దీనికి అర్థం చెబుతారు. కావచ్చు.

నా కన్ను మాత్రం యోసేపు మీదే పడుతుంది. ఉత్త ఇసుక మీద ఒళ్లు వాల్చేశాడు. బస్టాండులో రాత్రి గడిపినవాళ్లకు తెలుసు, సామాను దగ్గర ఒకరైనా మేలుకుని ఉండాలి. ప్రాణభయంతో పారిపోతున్న ఈ ఇంట్లో ఆ ఒక్కరూ లేరు. అంత అలసట. మేలుకున్నవి రెండే. గాడిద తల వంచి మేత వెతుక్కుంటోంది. స్ఫింక్సేమో వీళ్లను చూడటం లేదు, మొహమెత్తి ఆకాశంలోకి చూస్తోంది.

ఇక ఆ చిన్న నెగడు. దాని పొగ సన్నటి దారప్పోగులా నిటారుగా పైకి పోతోంది, ఎక్కడా వంకర లేదు. అంటే గాలి లేదు. ఈ మెర్సనే తర్వాత ఫ్రాన్స్ తపాలా బిళ్లలకూ, కరెన్సీ నోట్లకూ బొమ్మలు గీశాడు, చేతిపని అంత సన్నం. నిశ్శబ్దాన్ని బొమ్మలో ఎలా వేస్తారని పిల్లలు అడిగితే నేను ఈ గీతనే చూపిస్తాను. అయినా పారిపోతున్నవాళ్లు మంట వేసుకుంటారా? దూరానికి కనిపించదూ? చలికి వేసుకుని ఉంటారు.