సమస్త జనులకు ప్రార్థన మందిరం

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, యేసుక్రీస్తు నామమున మీకందరికీ వందనాలు.

సువార్త ఎందుకు చెప్పాలి అని అడిగితే, ప్రభువు ఆజ్ఞాపించాడు కాబట్టి అంటాం. నిజమే. అయితే మత్తయి 28వ అధ్యాయంలో 19వ వచనానికి వెళ్లేముందు 17వ వచనం చూడండి. గలిలయ కొండమీద పదకొండుమంది శిష్యులు ప్రభువును చూసి ముందు మొక్కారు. కొందరు సందేహించారు కూడా. వాళ్లనూ ఆయన పక్కన పెట్టలేదు. ఆ తర్వాతే, వెళ్లి సమస్త జనులను శిష్యులుగా చేయమన్నాడు. ఆరాధించినవాళ్లనే పంపాడు, ఆరాధించేవాళ్ల కోసమే పంపాడు. తండ్రి తన్ను ఆరాధించేవారిని వెదకుతున్నాడని బావి దగ్గర సమరయ స్త్రీతో చెప్పిందీ ఆయనే కదా!

ఈ పిలుపు చాలా పాతది. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు, కీర్తనలన్నిటిలో అదే చిన్నది. అందులోని స్తుతికి పిలుపు అందుకున్నది భూమ్మీద ఉన్న సర్వజనులు.

మరి ఆ జనులు వస్తే ఎక్కడ నిలబడాలి? యెరూషలేము దేవాలయంలో యూదులు కానివారికి బయటి ఆవరణం వరకే ప్రవేశం. అక్కడ ఒక రాతి అడ్డుగోడ ఉండేది. దాటి వచ్చినవాడు తన చావుకు తానే బాధ్యుడని గ్రీకులో చెక్కిన హెచ్చరిక రాయి 1871లో యెరూషలేములో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. రూకలు మార్చేవాళ్ల బల్లలు, గువ్వలమ్మేవాళ్ల పీటలు వేసింది ఆ బయటి ఆవరణంలోనే. దేవాలయంలోనుంచి ఎవరినీ ఏ పాత్రా మోసుకుపోనివ్వలేదని మార్కు రాశాడంటే, అది రాకపోకలకు అడ్డదారిగా కూడా మారిందన్నమాట. ఎంతో దూరం నుంచి దేవుణ్ణి వెదుక్కుంటూ వచ్చిన పరదేశికి ప్రార్థన చేసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క చోటే. అక్కడ బేరసారాల గోల! ప్రభువు బల్లలు పడద్రోసి, నా మందిరం సమస్త జనులకు ప్రార్థన మందిరం అని యెషయా 56వ అధ్యాయంలోని మాట ఎత్తి చెప్పాడు.

ఈ వాక్యభాగం చదివినప్పుడల్లా నాకు మన సంఘాల గురించి దిగులు కలుగుతుంది. కొత్తగా వచ్చిన మనిషి ఆరాధనలో కూర్చుంటే అతనికి ఏం వినిపిస్తోంది? కమిటీ తగాదాలా, చందాల ప్రకటనలా, ఎవరి కుటుంబం ముందు వరుసలో కూర్చోవాలన్న పంతాలా? బయటికి వెళ్లి కరపత్రాలు పంచే ముందు, లోపల ఆ మనిషికి చోటు ఖాళీ చేయాలి.

ఇప్పుడు అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయానికి రండి. ఐతియొపీయ రాణి కందాకే ధనాగారం మీద అధికారి ఒకాయన ఆరాధించడానికి యెరూషలేము దాకా వచ్చాడు. ఆయన నపుంసకుడు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం ప్రకారం సమాజంలో చేరే హక్కు ఆయనకు లేదు. అంత ప్రయాణం చేసి, బయటే నిలబడి, తిరిగి వెళ్తూ రథంలో యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. సువార్తికుడైన ఫిలిప్పు పరుగెత్తి రథాన్ని అందుకున్నాడు. అందుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడా? లేదు. చదువుతున్నది అర్థమవుతోందా అని అడిగాడు. ఆయన ఎక్కి కూర్చోమంటే పక్కన కూర్చున్నాడు. ఆయన చదువుతున్న లేఖనం దగ్గరే మొదలుపెట్టి యేసును గూర్చి చెప్పాడు. ఆయన చదువుతున్నది 53వ అధ్యాయం. అదే గ్రంథం ఇంకొంచెం విప్పితే 56వ అధ్యాయం వస్తుంది. నేను ఎండిన చెట్టునని నపుంసకుడు అనుకోకూడదని, దేవుడు నన్ను వెలివేస్తాడని పరదేశి అనుకోకూడదని అక్కడ రాసి ఉంది! ఆయన అప్పుడే బాప్తిస్మం పొంది సంతోషిస్తూ తన దారిన వెళ్లిపోయాడు. ఫిలిప్పును మళ్లీ చూడలేదు. ఫిలిప్పు సంఘం లెక్కల్లోనూ చేరలేదు. పరలోకానికి ఒక ఆరాధకుడు దొరికాడు, అది చాలు.

ఆహ్వానం అంటే అలా ఉండాలి. బలవంతం చేసి వంచిన మోకాలు ఆరాధన కాదు, ఆశ చూపి రాబట్టిందీ ఆరాధన కాదు. ఇతరుల దేవతలను తిట్టి క్రీస్తును హెచ్చించగలమని కొందరు అనుకుంటారు. ఎఫెసులో పౌలు రెండేళ్లకు పైగా బోధించాడు. అల్లరి చెలరేగినప్పుడు ఆ పట్టణపు కరణం పౌలు తోటివాళ్ల గురించి ఏమని సాక్ష్యమిచ్చాడు? వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు అన్నాడు. విశ్వాసి కానివాడు ఇచ్చిన ఆ సాక్ష్యం మన గురించి ఎవరైనా ఇవ్వగలరా?

వచ్చినవాళ్లు తమ భాషను, పాటను వదిలేసి రావాలని కూడా అడగవద్దు. ప్రకటన 7వ అధ్యాయంలో సింహాసనం ముందు నిలిచిన గొప్ప సమూహంలో ప్రతి జనమూ ప్రతి భాషా ఉన్నాయి. అక్కడ కూడా ఎవరి భాషా చెరిగిపోలేదు.

రోమా 15లో పౌలు తన సువార్త సేవను యాజకత్వంతో పోల్చి, అన్యజనులనే దేవునికి అర్పణగా తెస్తున్నానంటాడు. అర్పణ తెచ్చేవాడు దాన్ని జాగ్రత్తగా, గౌరవంగా పట్టుకుంటాడు. మీ ఇంటి పక్కన, మీరు పనిచేసే చోట, ఇంకా యేసును ఎరుగని ఒక్కరి పేరు తలచుకోండి. ఆ పేరు పెట్టి ఇప్పుడే ప్రార్థన చేద్దాం, లేచి నిలబడండి.