కోనన్ కన్నా ముందే వచ్చిన క్రోమ్: కామిక్స్‌లో తొలి బార్బేరియన్

[తెర మీద: 1950 నాటి రంగుల కామిక్ పేజీ. పసుపు రంగు జుట్టు, చేతిలో కత్తి, కండలు తిరిగిన వీరుడు.]

ఈ బొమ్మ చూడగానే చాలామంది, కథల్లో పేరుమోసిన కత్తివీరుడు కోనన్ అనేస్తారు. కాదు, ఇతని పేరు క్రోమ్. మార్వెల్ వాళ్లు కోనన్ కామిక్ మొదలుపెట్టింది 1970లో. అంతకు ఇరవై ఏళ్ల ముందే ఏవన్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ క్రోమ్‌ని రంగంలోకి దించింది. కత్తియుద్ధాలు, మంత్రాలు, ఎక్కడో మరుగునపడిన పురాతన రాజ్యాలు కలిపిన బార్బేరియన్ కథ, అంటే నాగరికతకు బయటి మొరటు వీరుడి కథ, అమెరికన్ కామిక్స్‌లో ఇతనితోనే మొదలైందని కామిక్స్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా చెబుతారు.

అయితే క్రోమ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు.

[తెర మీద: టెక్సాస్ మ్యాపు. క్రాస్ ప్లెయిన్స్ అనే ఊరి మీద చుక్క.]

1932 డిసెంబర్‌లో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో కోనన్ మొదటి కథ వచ్చింది. రాసింది రాబర్ట్ హోవర్డ్, టెక్సాస్‌లో ఒక చిన్న ఊళ్లో ఉండే కుర్రాడు. 1936లో, ముప్ఫై ఏళ్లకే చనిపోయాడు. తన వీరుడిది ఏ జాతి అని చెప్పాల్సి వచ్చినప్పుడు అతను ఎంచుకున్న పేరు సిమ్మేరియన్. ఈ పేరు అతని కల్పన కాదు, గ్రీకుల దగ్గర నుంచి తీసుకున్నదే.

ప్రాచీన గ్రీకు కవి హోమర్ రాసిన ‘ఒడిస్సీ’ పదకొండో భాగంలో కథానాయకుడు ఒడిస్సియస్ చచ్చిపోయినవాళ్లతో మాట్లాడటానికి లోకం చివరికి వెళ్తాడు. అక్కడ ఉండేది ఈ సిమ్మేరియన్లే. ఎప్పుడూ మంచు, మబ్బు. సూర్యుడు వాళ్ల వైపు చూడనే చూడడు. అంటే హోమర్ దృష్టిలో మనుషుల లోకం ముగిసేది అక్కడే. తర్వాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కాలానికి వాళ్లు చరిత్రలోకి వచ్చారు. నల్ల సముద్రానికి ఉత్తరాన ఉండేవాళ్లనీ, స్కైథియన్లు తరిమేస్తే ఇప్పటి టర్కీ ప్రాంతం మీద పడి సార్డిస్ నగరాన్ని కొల్లగొట్టారనీ రాశాడు. ఈ స్కైథియన్లు వేరెవరో కాదు, మన శాతవాహనులతో తలపడ్డ శకులకు దగ్గరి చుట్టాలే.

హోవర్డ్ ఈ చీకటి ప్రాంతాన్ని పట్టుకుని వేల ఏళ్లు వెనక్కి జరిపాడు. గ్రీసు, రోము పుట్టకముందు ఒక యుగం ఉండేదని ఊహించి, దానికి రాజ్యాలు, సరిహద్దులు గీశాడు. ఆ యుగంలో కోనన్ ఒట్టు పెట్టుకునే దేవుడి పేరు ఏమిటో తెలుసా? క్రోమ్.

[తెర మీద: రెండు పేర్లు పక్కపక్కన.]

1950లో కామిక్స్ రచయిత గార్డ్నర్ ఫాక్స్ అదే పేరు తీసి తన వీరుడికి పెట్టేశాడు. అతని జాతి ఏసిర్, వెళ్లే నగరం ఒఫీర్. ఈ రెండూ హోవర్డ్ ఊహాలోకంలో అప్పటికే ఉన్నాయి. నన్నడిగితే ఇది కాపీయే. పైగా ఏవన్ తన ఫాంటసీ పత్రికలో హోవర్డ్ పాత కథల్ని మళ్లీ అచ్చువేస్తున్న రోజులవి. తెలియక జరిగిందనుకోవడం కష్టం. ఫాక్స్ లా చదివినవాడు కూడా! వీరుడి పేరు జోలికి పోకుండా దేవుడి పేరు మాత్రం తీసుకున్నాడంటే ఆ చదువు ఊరికే పోలేదన్నమాట.

అలాగని ఫాక్స్ చిల్లర రచయిత కాదు. ఫ్లాష్, హాక్‌మ్యాన్, డాక్టర్ ఫేట్ అనే సూపర్‌హీరోల పుట్టుకలో అతని చెయ్యి ఉంది. 1960లో జస్టిస్ లీగ్ అనే సూపర్‌హీరోల జట్టు మొదటి కథ రాసిందీ అతనే.

ఇక కథలోకి వద్దాం. చెల్లెలు లల్లాతో కలిసి క్రోమ్ ఒక దీవికి చేరతాడు. అక్కడ డ్వెల్ఫ్ అనే ముసలి మంత్రగాడు. లల్లాని తన గుప్పిట్లో పెట్టుకుని, ఒఫీర్ నుంచి యవ్వనాన్నిచ్చే నీళ్లు తెమ్మంటాడు. మన జానపద సినిమాలు చూసినవాళ్లకి ఈ మంత్రగాడు బాగా తెలిసినవాడే. గ్రీకు కథలు తెలిసినవాళ్లకి మాత్రం జేసన్ గుర్తొస్తాడు. అతణ్ని కూడా పెలియాస్ రాజు ఇలాగే బంగారు ఉన్ని తెమ్మని పంపిస్తాడు, తిరిగి రాకూడదనే ఆశతో. అక్కడ జేసన్‌కి పరాయి దేశపు రాకుమారి మెడియా సాయం చేస్తుంది. ఇక్కడ క్రోమ్‌కి ఒఫీర్ రాణి తానిత్ తోడవుతుంది.

తేడా అంతా ఒక్కచోటే ఉంది. జేసన్ గ్రీకు నగరం నుంచి బయల్దేరి బార్బేరియన్ల దేశానికి వెళ్తాడు. క్రోమ్ అటు నుంచి ఇటు వస్తాడు. కోట, కుట్ర, మంత్రి, మంత్రగాడు... నాగరికత అనేదంతా అతని కళ్లతో చూస్తే అనుమానించాల్సిన వ్యవహారమే. గ్రీకులు లోకం అంచున వదిలేసినవాణ్ని తెచ్చి కథ మధ్యలో నిలబెట్టింది హోవర్డ్. దాన్ని కామిక్ పేజీ మీదికి మొదట తెచ్చింది ఫాక్స్. అందుకే కాపీ అయినా దీన్ని తీసిపారేయలేం.

క్రోమ్ మాత్రం నిలబడలేదు. వచ్చినవి మూడే కథలు.

బొమ్మలు వేసిన జాన్ జుంటా గురించి ఒక మాట. 1944లో పదహారేళ్ల కుర్రాడు ఫ్రాంక్ ఫ్రజెటా మొదటి కామిక్ పని చేసింది ఇతని చేతి కిందే. 1966 నుంచి కోనన్ పేపర్‌బ్యాక్ అట్టల మీద ఆ భీకరమైన పెయింటింగులు వేసింది ఆ ఫ్రజెటాయే. ఈరోజు బార్బేరియన్ అనగానే మన కళ్ల ముందుకొచ్చే రూపం అక్కడిదే.

[తెర మీద: 1970 అక్టోబర్, మార్వెల్ ‘కోనన్ ది బార్బేరియన్’ మొదటి సంచిక అట్ట.]

మార్వెల్‌లో రచయిత రాయ్ థామస్ కోనన్ హక్కులు తెచ్చాడు. హక్కుల కోసం సంచికకి 150 డాలర్లు మించొద్దని ప్రచురణకర్త చెబితే, ఇతను 200 ఇస్తామని మాటిచ్చేశాడు. ఆ లోటు పూడ్చడానికి ఖరీదైన చిత్రకారుడు జాన్ బుసీమాని పక్కనపెట్టి, బ్యారీ స్మిత్ అనే కుర్రాడితో బొమ్మలు వేయించారు. ఆ కామిక్ 275 సంచికలు నడిచింది.

ఈలోగా మన ఫాక్స్ ఊరుకోలేదు. 1969లో కోథర్ అనే ఇంకో బార్బేరియన్‌తో నవలలు మొదలుపెట్టాడు. అతనూ కోనన్ పోలికే. 1975 వచ్చేసరికి మార్వెల్ కోనన్ కామిక్‌కి కథ కావాల్సి వచ్చింది. రాయ్ థామస్ ఆ కోథర్ నవలల్లో ఒకదాన్ని తీసుకుని, వీరుడి పేరు మార్చి, కోనన్ కథగా కొన్ని సంచికల పాటు నడిపాడు. పాతికేళ్ల కింద చేసిన అప్పు అలా తీరింది.